చుట్టకు నిప్పు తెచ్చే పిల్లలు

మొన్నటి వేసవిలో మా వేంపల్లెకు వెళ్ళినప్పుడు ఒక చిన్న సంఘటన జరిగింది. సంఘటన అనదగినంత పెద్దది కూడా కాదు. నాలుగు రోడ్ల కూడలికి కొంచెం ఇవతల ఒక బంకు ముందు నిలబడి సోడా తాగుతున్నాను. ఏడెనిమిదేళ్ళ పిల్లవాడొకడు, కాళ్ళకు చెప్పులు లేక ఎండకు గెంతుతూ వచ్చి, పిడికిలి విప్పి, చెమటకు తడిసిన నోటొకటి అంగడివాని ముందు పెట్టి, "మా అబ్బకు" అన్నాడు. ఏం కావాలో వాడు చెప్పలేదు. ఏం కావాలని అంగడివాడు అడగనూ లేదు. ఒక బీడీకట్ట, ఒక అగ్గిపెట్టె వాని చేతిలో పెట్టి, మిగిలిన చిల్లరకు బదులుగా తీపి వక్కపొడి పొట్లం ఒకటి దండలోంచి తెంచి ఇచ్చాడు. పిల్లవాడు దాన్ని పళ్ళతో చించి నోట్లో పోసుకొని, వచ్చినట్టే గెంతుతూ వెళ్ళిపోయాడు. ఈ వ్యవహారమంతా అర నిమిషం పట్టి ఉంటుంది.

ఆ బంకుకు ఒక ప్రక్క రేకు పలక ఒకటి వేలాడుతోంది. పద్దెనిమిదేళ్ళ లోపు వారికి పొగాకు ఉత్పత్తులు అమ్మడం శిక్షార్హమైన నేరమని దానిమీద తెలుగులోనే రాసి ఉంది. 60 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు తగ్గకుండా ఉండాలని నిబంధనలు చెప్పే పలక అది. సగం భాగాన్ని పాన్ మసాలా పొట్లాల దండలు కప్పేశాయి. నేను సోడా డబ్బులిచ్చి, ఏమీ అనకుండా వచ్చేశాను. ఆ అనకపోవడమే నన్ను ఇన్నాళ్ళుగా పీడిస్తోంది. ఈ నాలుగు మాటలు రాయడానికి కారణం అదే.

అర నిమిషం అన్నాను గదా. సినిమాహాల్లో పొగాకు వద్దని ప్రభుత్వం వారు చెప్పే ప్రకటన నిడివి కూడా అంతే, 30 సెకండ్లు. పొగాకు వాడకాన్ని చూపించే చిత్రాలకు మొదట్లో ఒకసారి, మధ్యలో ఒకసారి ఈ ప్రకటన వేయాలన్న నియమం 2012 అక్టోబరు 2 నుంచి గట్టిగా అమలులోకి వచ్చింది. 2023 సెప్టెంబరు 1 నుంచి ఓటీటీలకూ ఇటువంటి నియమమే పెట్టారు. తెలుగునాట సినిమా చూసేవాడెవడూ ఈ ప్రకటనలు ఎరగనని చెప్పలేడు. ముఖేష్ హరానే అనే యువకుడు నోటి క్యాన్సరుతో 2009లో మరణించాడు. అప్పటికి అతని వయస్సు 24 యేళ్ళు. ముంబయి టాటా మెమోరియల్ ఆసుపత్రిలో పడకమీద నుంచి తన కథ తానే చెప్పుకున్నాడు. అది అన్ని భాషల్లోకీ వెళ్ళింది. తెలుగులోకీ వచ్చింది.

తర్వాత ఏమయిందో మనందరికీ తెలుసు. ఆ పిల్లవాని పేరు ఒక హాస్యమయింది. పెళ్ళిళ్ళలో, కాలేజీ వార్షికోత్సవాలలో అతని గొంతును అనుకరించి చప్పట్లు కొట్టించుకున్నవాళ్ళున్నారు. పొగ గురించే వచ్చిన మరో ప్రకటనలోని మొదటి మాట "ఈ నగరానికి ఏమైంది" అన్నది. అది ఎంతగా నోళ్ళలో నానిందంటే, 2018లో తరుణ్ భాస్కర్ తీసిన చిత్రానికి అదే పేరయింది. చిత్రం మంచిదే, దర్శకుణ్ణి తప్పు పట్టడం లేదు. జనం మాటను జనానికే తిరిగి ఇచ్చాడాయన. నా బాధ వేరు. భయపెట్టడానికి ఉద్దేశించిన మాట నవ్వు పుట్టించే మాటగా మారిందంటే, అది ఎవరికోసం రాశారో వారిని చేరలేదన్నమాట కాదా?

అయితే ఈ ప్రచారమంతా వృథా అని తీర్పు చెప్పడం అన్యాయం. లెక్కలు అలా చెప్పడం లేదు. 2009-10లో జరిగిన జాతీయ సర్వేలో దేశంలోని వయోజనుల్లో 34.6 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారని తేలింది. 2016-17 నాటికి అది 28.6 శాతానికి దిగింది. 15 నుంచి 24 యేళ్ళ మధ్యవారిలో 18.4 నుంచి 12.4కు తగ్గింది. పన్నులు, బహిరంగ ప్రదేశాల్లో పొగపై నిషేధం, గుట్కాపై నిషేధాలు, పెట్టెలమీద బొమ్మలు, ఈ ప్రకటనలు అన్నీ కలిసి సాధించినది ఇది. ఏది ఎంత సాధించిందో విడదీయడం కష్టం. కాని తగ్గిందన్నది నిజం.

నా సందేహమల్లా ఇంకా చిన్నవాళ్ళ గురించి. 2019లో బడిపిల్లల మధ్య జరిగిన సర్వేలో, 13 నుంచి 15 యేళ్ళ విద్యార్థుల్లో 8.5 శాతం మంది పొగాకు వాడుతున్నట్టు తేలింది. దానికంటె నన్ను కలవరపెట్టిన సంఖ్య వేరొకటుంది. ఎప్పుడైనా సిగరెట్టు తాగిన పిల్లల్లో 38 శాతం, బీడీ తాగినవారిలో 47 శాతం, నమిలే పొగాకు రుచి చూసినవారిలో 52 శాతం మంది పదవ పుట్టినరోజు రాకముందే మొదలుపెట్టారు. పదేళ్ళలోపు! ఆ వయస్సులో పిల్లవాడు ఏ స్నేహబృందంలోనో గొప్ప కోసం మొదలుపెట్టాడనుకోవడం కష్టం. సినిమా కథానాయకుణ్ణి చూసి మాత్రమే మొదలుపెట్టాడనీ నేననుకోను. ఆ వయస్సు పిల్లవానికి ప్రపంచమంటే ఇల్లు, వీధి, బడి, అంగడి. వాడికి పొగాకు ఎదురుపడితే ఆ నాలుగు చోట్లలోనే ఎదురుపడాలి.

నాకు ఎక్కడ ఎదురుపడిందో చెబుతాను.

మా అబ్బ చుట్ట తాగేవాడు. పొద్దున సేద్యానికి పోకముందు అరుగుమీద కూర్చొని, "ఒరే అబ్బీ, పొయ్యిలో చుట్ట అంటించుకరాపో" అనేవాడు. అవ్వ సంగటి కెలుకుతూ ఉండేది. నేను పొయ్యిలోనుంచి కొరివి తీసి చుట్ట కొనకు ఆనించేవాణ్ణి. ఉత్తగా ఆనిస్తే చుట్ట అంటుకోదు. రెండు మూడు దమ్ములు పీల్చాలి. అంటుకున్న తర్వాత వంటింటినుంచి అరుగు దాకా తెచ్చే లోపల ఆరిపోకుండా ఇంకొక దమ్ము పీల్చాలి. ఆరిపోతే తిట్లు. ఆరకుండా తెస్తే "శభాష్" అని వీపుమీద చరుపు. నాకప్పుడు ఆరేళ్ళు. మా ఇంట్లో ఎవరూ దాన్ని పొగ తాగడం అనుకోలేదు. అది పెద్దలకు చేసే పని. మంచినీళ్ళ చెంబు అందించడం, ఎద్దులకు జొన్నసొప్ప వేయడం ఎలాంటిదో అదీ అలాంటిదే.

నాకు దగ్గు వచ్చేది. అందువల్ల అలవాటు కాలేదు. నా గొప్ప ఏమీ లేదు. ఊపిరితిత్తులు ఒప్పుకోలేదు, అంతే.

నాతో అయిదవ తరగతి చదివిన మిత్రుడొకడికి దగ్గు రాలేదు. వాడు తన నాయనకు బీడీలు, ఆకువక్క తెచ్చిపెట్టేవాడు. ఆ తర్వాత వక్కపొడి, ఆ తర్వాత గుట్కా, ఆ తర్వాత నమిలే పొగాకు. ఎర్రగుంట్ల వైపు నాపరాళ్ళ పాలిష్ యూనిట్లో పని. బండ కోసేటప్పుడు లేచే దుమ్ముకు నోట్లో ఏదో ఒకటి ఉండాలని అక్కడ అందరూ అంటారట. ఇప్పుడు వాని నోరు రెండు వేళ్ళు పట్టేంత కూడా తెరుచుకోదు. బుగ్గల లోపలి పొర బిగుసుకుపోయింది. సంగటి ముద్ద మింగలేడు; మజ్జిగలో పిసికి తాగుతాడు. కారం తగిలితే కళ్ళనీళ్ళు. రాయలసీమవాడికి కారమూ సంగటీ రెండూ దూరమయితే ఇంక మిగిలేదేమిటి?

ముఖేష్ ప్రకటన చూశావా అని వాణ్ణి అడిగాను. వాడు చెప్పిన మాట ఇది: "సూడకేం రా, నూరుసార్లు సూసినా. సూసేటప్పుడు కూడా నోట్లో పొట్లం ఉండె. ఆ యప్ప ఆఖరుకు ఏమైందో సెప్తాడు. యాడ మొదలైందో సెప్పడు గదా."

నేను చెప్పదలచుకున్నదంతా ఆ ఒక్క మాటలో ఉంది. మన ప్రచారం వ్యాధినీ మరణాన్నీ చూపిస్తుంది. పిల్లలకు పొగాకు వ్యాధిగా పరిచయం కాదు. అది వారికి ఒక పనిగా, ఒక మెప్పుగా, చిల్లరకు బదులు వచ్చిన ఒక తీపి పొట్లంగా పరిచయమవుతుంది. పైగా ఆ తీపి వక్కపొడిలో పొగాకు లేదు గనుక దానికి పొగాకు చట్టం వర్తించదు. వక్క ఒక్కటే అయినా క్యాన్సరు కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 2004లోనే ప్రకటించింది. నా మిత్రుని నోరు బిగుసుకుపోవడానికి మొదటి కారణం కూడా వక్కేనని వైద్యులు వానితో చెప్పారు.

పెట్టెలమీది బొమ్మల సంగతీ ఇంతే. 2016 ఏప్రిల్ 1 నుంచి పెట్టె ముఖభాగంలో 85 శాతం హెచ్చరికే ఉండాలన్నారు. ప్రపంచంలోని పెద్ద హెచ్చరికల్లో అది ఒకటి. కాని మా వీధి పిల్లవాడు పెట్టె కొనడు. ఒక్క సిగరెట్టు కొంటాడు. విడి సిగరెట్టుమీద బొమ్మ ఉండదు. బొమ్మ ఉన్న పెట్టె అంగడివాని దగ్గరే ఉండిపోతుంది.

పిల్లల్ని ఉద్దేశించి చేసిన ప్రచారాలు వేరే దేశాల్లో ఏం నేర్పాయో చూస్తే ఈ విషయం ఇంకొంచెం తేటపడుతుంది. అమెరికాలో 1998లో ఫిలిప్ మోరిస్ అనే సిగరెట్ల కంపెనీయే "ఆలోచించు, పొగ తాగకు" అన్న అర్థం వచ్చే ప్రచారం ఒకటి మొదలుపెట్టింది. పిల్లి తీర్థయాత్రలకు బయలుదేరినట్టు! 2000లో "ట్రూత్" అనే మరొక ప్రచారం వచ్చింది. దీనికి డబ్బు కంపెనీలు 46 రాష్ట్రాలతో చేసుకున్న 1998 నాటి ఒడంబడికనుంచి వచ్చింది. ఇందులో పిల్లలకు నీతులు చెప్పలేదు. ఊపిరితిత్తులు చూపలేదు. కుర్రవాళ్ళే వెళ్ళి ఒక పెద్ద సిగరెట్ల కంపెనీ భవనం ముందర శవాల సంచులు 1200 పేర్చారు. రోజూ పొగాకు వల్ల ఇంతమంది చనిపోతున్నారు, మీకు తెలుసా అని అడిగారు. "నువ్వు చెడ్డవాడివి" అనడానికి బదులు "నిన్ను ఒకడు మోసం చేస్తున్నాడు" అన్నారు.

2002లో పరిశోధకులు రెండింటినీ పోల్చి చూశారు. ట్రూత్ ప్రకటనలు చూసిన పిల్లల్లో పొగాకుపై విముఖత పెరిగింది. కంపెనీవారి ప్రకటనలు చూసినవారిలో కంపెనీపై సదభిప్రాయం పెరిగింది. 2000 నుంచి 2004 వరకు సుమారు నాలుగున్నర లక్షలమంది పిల్లలు పొగ జోలికి పోకుండా ట్రూత్ ఆపిందని తర్వాత మరొక అంచనా వచ్చింది. "నువ్వు చిన్నవాడివి, ఇది పెద్దవాళ్ళది" అనడంలోనే ఆహ్వానం ఉంది. పెద్దవాడు కావాలని కోరుకోని పిల్లవాడెవడు? మన బంకులమీది పలక కూడా ఒకవిధంగా ఆ మాటే అంటోంది. చట్టానికి ఆ పలక కావాలి, కాదనను. ప్రచారానికి మాత్రం అది చాలదు.

మరి ట్రూత్ పద్ధతిని మనం తెచ్చుకోవచ్చు గదా అంటారేమో. కొంతవరకు తెచ్చుకోవాలి కూడా. 1996లో మన ఉపఖండంలో జరిగిన క్రికెట్ ప్రపంచకప్ పేరే "విల్స్" కప్. సిగరెట్ల కంపెనీ ప్రాయోజకత్వంలో జరిగిన క్రికెట్ ఆటలు చూసిన గోవా పిల్లల్లో పొగాకు రుచి చూడాలన్న కోరిక పెరిగిందని అదే సంవత్సరం బ్రిటిష్ మెడికల్ జర్నల్లో ఒక అధ్యయనం వచ్చింది. ఇప్పుడు సిగరెట్టు పేరు చొక్కామీద ఉండదు. దాని స్థానంలో యాలకుల ప్రకటన వచ్చింది. అదే పేరు, అదే పొట్లం రంగు, పేరుపొందిన నటులు. 2022 ఏప్రిల్లో అక్షయ్ కుమార్ అటువంటి ప్రకటనలో కనిపించి, అభిమానులు నిలదీసేసరికి క్షమాపణ చెప్పి తప్పుకున్నాడు. ఎవరు ఎవరిని మోసగిస్తున్నారో పిల్లలకు చెప్పడానికి ఇంతకంటె మంచి పాఠం ఉండదు. మన ప్రకటనల్లో ఇది ఎందుకు లేదో నాకు అర్థం కాదు.

కాని ఆ పద్ధతి వేంపల్లెలో పూర్తిగా పనిచేయదు. ఇక్కడ శవాల సంచులు ఎవరి ముంగిట పేర్చాలి? బంకు నడిపేది భర్త పోయిన ఆడమనిషి కావచ్చు. బీడీ పొగాకు పండించేది నంద్యాల వైపు రైతు. బీడీ చుట్టేది ఏ నిజామాబాదులోనో కరీంనగరులోనో నడుము వంగిన అక్క. పొగాకు బోర్డు 1976 నుంచి గుంటూరులోనే ఉంది. అది కేంద్ర ప్రభుత్వానిదే. ఒక చేత్తో పండించి, మరొక చేత్తో వద్దనే దేశం మనది. వేలెత్తి చూపడానికి మనకు సులభమైన శత్రువు లేడు. ఉన్నదల్లా మన అబ్బ, మన అంగడి, మధ్యలో పరుగెత్తే మన పిల్లవాడు.

చట్టం లేదా అంటే ఉంది. 2003 నాటి పొగాకు ఉత్పత్తుల చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్ళ లోపు వారికి అమ్మకూడదు, విద్యాసంస్థలకు 100 గజాల లోపల అసలే అమ్మకూడదు. తప్పితే 200 రూపాయల వరకు జరిమానా. 2015 నాటి బాలల న్యాయ చట్టం 77వ సెక్షను ప్రకారం పిల్లలకు పొగాకు ఇచ్చినా ఇప్పించినా ఏడేళ్ళ వరకు కఠిన కారాగారం, లక్ష రూపాయల వరకు జరిమానా. ఒకే తప్పుకు ఒక చట్టంలో శిక్ష మరీ చిన్నది, మరొక చట్టంలో మరీ పెద్దది. చిన్నదానికి ఎవరూ భయపడరు. పెద్దదాన్ని మనవనితో బీడీలు తెప్పించుకున్న ముసలాయన మీద ప్రయోగించడానికి ఏ పోలీసుకూ చేతులు రావు. రావాలని నేను కోరనూ కోరను. బడి గోడనుంచి వంద గజాల దూరంలో పసుపు గీత గీయాలని కూడా మార్గదర్శకాలున్నాయి. గీశాక బంకు నూటొకటో గజానికి జరుగుతుంది. ఏడేళ్ళ కాళ్ళకు ఆ గజం ఒక లెక్కా?

మరునాడు నేను ఆ బంకుకు మళ్ళీ వెళ్ళాను. పిల్లవానికి ఎందుకిచ్చావన్నా అని నెమ్మదిగానే అడిగాను. అతను కోప్పడలేదు. "నేనియ్యకుంటే పక్క బంకులో తీసుకుంటాడు సార్. మళ్ళా వాళ్ళ అబ్బ వచ్చి, నా మనవన్ని ఉత్త చేతులతో పంపిస్తావా అని నాతో తగువుకొస్తాడు. నూటికి పదిమంది పెద్దోళ్ళు తామే వచ్చినా చాలు, పిల్లోల్లకు ఇయ్యనని నేను కూడా సెప్పగలను" అన్నాడు. అతని మాటలో న్యాయముంది. అమ్మవద్దని అతనికి చెప్పినవాళ్ళున్నారు. పంపవద్దని ఆ అబ్బకు చెప్పినవారు ఎవరూ లేరు.

కాబట్టి నా అభిప్రాయం ఇది. పిల్లలను పొగాకుకు దూరంగా ఉంచే ప్రచారం పిల్లలతో మొదలు కాకూడదు. పెద్దలతో మొదలు కావాలి. అదీ "పొగాకు మానండి" అని కాదు. డెబ్బై యేళ్ళ ముసలాయనను ఒక్క ప్రకటనతో మాన్పించలేం. అడిగితే నవ్వి ఊరుకుంటాడు. మానదలచినవారికి 1800 11 2356 అనే ఉచిత సహాయ నంబరు ఉంది, అది వేరే సంగతి. మనం ఆయన్ను అడగవలసింది చాలా చిన్న కోరిక: "తాతా, నీ బీడీ నువ్వే పోయి తెచ్చుకో. నీ చుట్ట నువ్వే అంటించుకో." చిన్న కోరిక గనుక తీరే అవకాశం ఉంది. అందులో ఆయన్ను అవమానించేదీ లేదు. మనవని మీద ఆయనకున్న ప్రేమకే ఆ విన్నపం. ఆ ప్రేమకు కొదవ ఉన్న అబ్బను మా సీమలో నేను చూడలేదు.

ముప్పై సెకండ్ల ప్రకటన నాకు తీయడం చేతకాదు గాని ఊహించగలను. అరుగుమీద అబ్బ. మనవన్ని పిలిచి చేతిలో నోటు పెడతాడు. పిల్లవాడు బంకుకు పరుగెత్తుతాడు. అంగడాయన నోటు తిరిగి వాని పిడికిట్లో పెట్టి, "మీ అబ్బనే రమ్మను నాయనా" అంటాడు. అబ్బ గొణుక్కుంటూ లేచి, చెప్పులు తొడుక్కొని బయలుదేరతాడు. అంతే. క్యాన్సరు లేదు, శవం లేదు, గంభీరమైన గొంతు లేదు. మాట మాత్రం మా సీమ యాసలో ఉండాలి. ఢిల్లీలో రాసి తెలుగులోకి దించిన వాక్యాన్ని అనుకరించి నవ్వుతారు; తమ ఇంటి మాటను ఎవరూ అనుకరించరు, ఎందుకంటే వారు రోజూ మాట్లాడేది అదే. ఆకాశవాణి కడప కేంద్రం రైతులకు చెప్పే మాటల మధ్య ఈ మాట చెప్పవచ్చు. శ్రావణమాసం శనివారాల్లో గండి వీరాంజనేయస్వామి దర్శనానికి వేలమంది వస్తారు. అక్కడి మైకులో, తప్పిపోయిన పిల్లల ప్రకటనల నడుమ, ఒకసారి చెప్పవచ్చు. ఊళ్ళో దండోరా వేయించవచ్చు. ఇందుకు కోట్లు అక్కరలేదు.

ఇంత చిన్నదానితో ఏమవుతుందని అనిపించవచ్చు. నాకూ అనుమానాలు లేకపోలేదు. అబ్బ లేచి వెళ్ళినా మనవడు చూస్తూనే ఉంటాడు. యాలకుల నటుడు టీవీలో నవ్వుతూనే ఉంటాడు. కాని చేతితో పట్టుకోవడానికీ కంటితో చూడడానికీ తేడా ఉంది. అంగడివానికి పిల్లవాని ముఖం పరిచయం కాకపోతే, ఆ పిల్లవాడు పన్నెండో యేట తనకోసం తాను అడిగినప్పుడు అంగడివాని చెయ్యి కొంచెమైనా సందేహిస్తుంది. ఇప్పుడు సందేహించదు. "మా అబ్బకు" అన్న మాట అన్ని తలుపులూ తెరిచే తాళంచెవి అయింది.

మా అబ్బ చనిపోయి చాలాకాలమయింది. ఆయన నాకు చెడు చేయాలనుకోలేదు. ఎవరైనా వచ్చి, "పెద్దాయనా, పిల్లవానితో అంటించవద్దు" అని ఒక్కమాట చెప్పి ఉంటే, మొదట విసుక్కుని, తర్వాత తానే పొయ్యి దగ్గరకు లేచి వెళ్ళేవాడని నా నమ్మకం. ఆ ఒక్కమాట మా వీధిలో ఎవరూ ఎవరికీ చెప్పలేదు. మొన్న బంకు ముందు నిలబడి నేనూ చెప్పలేదు.

చదివిన మిత్రులు తమ తమ ఇళ్ళలో ఒక్కసారి చూసుకోవలసిందిగా మనవి. నగరంలో ఉన్నా, అమెరికాలో ఉన్నా, సెలవులకు ఊరికి వెళ్ళినప్పుడు అంగడికి ఎవరు పోతున్నారో గమనించండి. పిల్లవాడయితే, ఆ నోటు మీరే తీసుకొని ఆ పెద్దాయనను వెంటబెట్టుకొని వెళ్ళండి. దారిలో చెప్పవలసినది చెప్పవచ్చు.